అందరూ కలిసి చదివితే ఎవరికి వచ్చినట్టు?

ఏ ప్రైమరీ స్కూలు పక్కనుంచి వెళ్ళినా చెవిన పడేది ఒకటే: "క, కా, కి, కీ..." గదిలో ఉన్న గొంతులన్నీ ఒక్కసారి. దారిన పోయేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్ళకు బడి బాగానే నడుస్తోందనిపిస్తుంది. లోపల మాత్రం కొందరికి అది నిజంగా వచ్చు. కొందరు పక్కవాడి కంటే అర క్షణం వెనక పెదాలు కదుపుతుంటారు. ఇంకొందరు వరస చివరి అక్షరం ఒక్కటే గట్టిగా అంటుంటారు. ఎవరు ఏ రకమో ఆ శబ్దంలో టీచరుకు తెలీదు, ఇంట్లోవాళ్ళకు అసలే తెలీదు. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు ఉండే మామూలు సర్కారు బడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగే పనుల్ని ఎవరికి వాళ్ళు విడిగా చేసేలా మార్చుకోవడం ఎలా, అందులో ఎక్కడెక్కడ బెడిసికొడుతుంది అన్నదే ఈ పోస్టు.

ముందు టైము లెక్క. విద్యా హక్కు చట్టం (2009) ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు అంది. అంటే రోజుకు 240 నిమిషాలు. అదే చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఒకరు 1, 2 తరగతులు, ఇంకొకరు 3, 4, 5 పట్టుకున్నారనుకోండి. మూడు తరగతుల టీచరు ఒక్కో తరగతి ఎదురుగా నిలబడేది 80 నిమిషాలు. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం అన్నీ అందులోనే. మిగతా 160 నిమిషాలు ఆ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఏదో ఒకటి చేస్తుంటారు. ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటో ముందురోజే అనుకోకపోతే అందరితో కలిపి అరిపించడం తప్ప గతి లేదు. అందుకని వల్లెవేతను ఊరికే ఆడిపోసుకోవడం కూడా న్యాయం కాదు. చాలా బళ్ళలో అది చేతులు చాలక పుట్టుకొచ్చిందే.

ప్రార్థన, హాజరు, బియ్యం

ప్రతిజ్ఞ రాసింది మనవాడే. నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తుండగా. దేశమంతా చెప్పే ఆ వాక్యాలు మన పిల్లలు రోజూ చెబుతారు గానీ "సుసంపన్నమైన, బహువిధమైన" దగ్గరికొచ్చేసరికి ఒకటో తరగతి వరస మొత్తం గొణుగుడే. చేయదగ్గది చిన్న పని. రోజూ ఐదో తరగతి లీడరే చెప్పించకుండా, 3 నుంచి 5 తరగతుల పిల్లలతో వంతులవారీగా చెప్పించాలి. ఆ వంతు వచ్చే పిల్లకు ముందురోజు సాయంత్రమే కష్టమైన మాటల్ని ముక్కలు చేసి, సు-సంపన్న-మైన అని రెండుసార్లు పలికించి పంపాలి. చిన్నవాళ్ళకు దాని అర్థం చెప్పబోయి టైము పోగొట్టుకోవద్దు. అది మూడో తరగతి తర్వాతి పని.

హాజరు రిజిస్టరు కోసం పేర్లు ఎలాగూ పిలుస్తాం. దానికి ముందు ఐదు నిమిషాలు పేర్ల కార్డులకు ఇస్తే అదే ఒకటో తరగతి మొదటి చదువు. పాత శుభలేఖల వెనకవైపు 3 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు ముక్కలు కత్తిరించి, లావు స్కెచ్ పెన్నుతో పేరు రాసి, మీద సెల్లోటేపు అంటించాలి. టేపు లేకపోతే వానాకాలంలో తడి చేతులకు సిరా అలుక్కుపోతుంది. లోపలికి రాగానే ఎవరి కార్డు వాళ్ళు వెతుక్కుని ‘వచ్చాను’ అన్న సంచీలో వేయాలి. ఇక్కడ పిల్లలు చాలా తెలివిగా తప్పించుకుంటారు. పేరు చదవరు, కార్డు మూల చిరిగిన గుర్తు చూస్తారు, లేదా రంగు చూస్తారు. కాబట్టి కార్డులన్నీ ఒకే రంగు, ఒకే సిరా. మూడో వారం నుంచి తన కార్డుతో పాటు పక్కవాడిది కూడా తీసి ఇవ్వమనాలి. శ్రీ, లక్ష్మి, జ్ఞాన లాంటి పేర్లలో అక్షరాలు ఇంకా నేర్పలేదే అని బెంగ వద్దు. పేరును మొత్తం ఒక బొమ్మలా గుర్తుపడతారు, ప్రస్తుతానికి అది చాలు.

సంచీలో పడ్డ కార్డులు లెక్కపెట్టడం రెండో తరగతి పని. ఎంతమంది రాలేదో తీసివేత. ఆ అంకె వంటమనిషికి చేరాలి గదా, అక్కడ మూడు, నాలుగు తరగతుల లెక్క మొదలవుతుంది. ప్రాథమిక తరగతులకు మధ్యాహ్న భోజనం కొలత తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఇవాళ 37 మంది వచ్చారంటే బియ్యం 3 కిలోల 700 గ్రాములు, పప్పు 740 గ్రాములు, కూరగాయలు కిలో 850, నూనె 185 గ్రాములు. పుస్తకంలో ఉన్న ఏ లెక్కా దీనికి సాటిరాదు, ఎందుకంటే అంకె రోజూ మారుతుంది, తప్పితే వంటింట్లో తెలిసిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు 3,700 గ్రాముల్ని ‘3 కిలోల 7 గ్రాములు’ అని రాయడం. వేల స్థానం కిలో అని తెలుసు, సున్నాలు ఏమయ్యాయో తెలీదు. అప్పుడు తక్కెడ తెచ్చి 7 గ్రాములు ఎంతో, 700 గ్రాములు ఎంతో గింజలతో చూపించాల్సిందే. నోటితో చెబితే దిగదు.

‘అ’ నుంచి మొదలుపెట్టకపోతే

అక్షరమాల వరసలో నేర్పితే ఒకటో తరగతి పిల్ల మూడు నెలల దాకా ఒక్క మాట కూడా చదవలేదు. అ, ఆ, ఇ, ఈ వచ్చినంత మాత్రాన వాటితో రాసే మాటలెన్ని? అందుకే గుణింతం గుర్తులు లేని హల్లులతో మొదలుపెట్టి, రెండో వారానికల్లా మాటలు చదివించాలి. త, ల, వ, డ, గ, క. ఈ ఆరింటితో తల, వల, కల, వడ, గడ, కడవ, తలగడ చదవొచ్చు. రోజుకు ఒక మాట, వారంలో నాలుగు రోజులు కొత్తవి, ఐదో రోజు పాతవే తిప్పి తిప్పి. రోజుకు రెండు కొత్త అక్షరాలు దాటితే శుక్రవారానికి సోమవారంవి ఎగిరిపోతాయి.

ఒక్క మాటను ఎలా నడపాలంటే: ముందు బొమ్మ చూపించి మాట్లాడించాలి. తర్వాత బొమ్మ కింద మాట రాసి వేలు పెట్టి చదవాలి. ఆ మాటను కాగితం ముక్క మీద రాసి, పిల్లల ముందే కత్తెరతో త, ల అని రెండు చేయాలి. ముక్కలు తారుమారు చేసి మళ్ళీ పేర్చమనాలి. ఆఖరికి అందులోని ల తీసుకుని వ పక్కన పెట్టి ‘ఇప్పుడేమైంది?’ అనడగాలి. కత్తిరించే ఘట్టం దాటేసి నేరుగా అక్షరం రాయించేస్తే, మాట వేరు అక్షరం వేరు అన్నట్టు ఉండిపోతాయి.

బొమ్మల దగ్గర ఒక బోల్తా ఉంది. తలగడ బొమ్మ చూపిస్తే ఒక ఊళ్ళో దిండు అంటారు, ఇంకో ఊళ్ళో మెత్త అంటారు. కడవ బొమ్మకు కుండ అనో బిందె అనో వస్తుంది. వడ చూపిస్తే గారె. త కోసం తెచ్చిన బొమ్మ ద దగ్గరో మ దగ్గరో తేలుతుంది. దుకాణంలో కొన్న చార్టుల్లో ఈ గోల మరీ ఎక్కువ. పిల్లలందరూ ఒకే పేరుతో పిలిచే వస్తువుల్నే బొమ్మలుగా వాడాలి, తలగడ లాంటివి బొమ్మ లేకుండా చదివే మాటలుగా ఉంచుకోవాలి. ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడే పిల్లలున్న బడిలోనైతే వస్తువు చేతికిచ్చి, వాళ్ళ మాటా మన మాటా రెండూ పలికించాకే అక్షరం.

పోలికలున్న అక్షరాల్ని ఒకే వారంలో పెట్టకూడదు. వ–ప, డ–ద, మ–య, బ–భ. ‘తేడా గుర్తించండి’ అంటూ రెండూ పక్కపక్కన రాసి మొదట్లోనే చూపిస్తే, పిల్లకు ఆ జంట గుర్తుంటుంది, ఏది ఏదో గుర్తుండదు. వ గట్టిపడి రెండు వారాలయ్యాక ప తెస్తే ఒక్కసారిగా పలక, పడవ, పడగ, గడప, కడప వచ్చి పడతాయి. ఆ తర్వాత రెండూ పక్కన పెట్టినా ఇబ్బంది లేదు. ఖ, ఘ, ఛ, ఝ, ఋ లాంటివి బాగా వెనక్కి జరపొచ్చు. వాటితో ఒకటో తరగతి పిల్ల చదవాల్సిన మాటలే తక్కువ.

వచ్చిందో లేదో చూడటానికి మూడు మెట్లున్నాయి. ‘ల ఏది, చూపించు’ అంటే చూపించడం అన్నిటికంటే తేలిక. కార్డు చూపి ‘ఇదేంటి?’ అంటే చెప్పడం దానికంటే కష్టం. ‘ల రాయి’ అంటే చూడకుండా రాయడం ఇంకా కష్టం. మనం సాధారణంగా మొదటిది చూసి మూడోదీ వచ్చేసిందనుకుంటాం. నోటుబుక్కులో ఒక్కో అక్షరానికి మూడు గళ్ళు గీసుకుంటే ఈ భ్రమ పోతుంది. ఇంకో సంగతి, బోర్డు మీద రాసేటప్పుడు పిల్లలకు వీపు చూపిస్తూ రాస్తే వాళ్ళకు తయారైన అక్షరం కనిపిస్తుందే తప్ప చెయ్యి ఎటునుంచి ఎటు తిరిగిందో కనపడదు. పక్కకు జరిగి, చెయ్యి చాచి, పెద్దగా, నెమ్మదిగా రాయాలి. అక్షరాన్ని కిందనుంచి పైకి గీసే అలవాటు పడ్డాక మాన్పించడం చాలా కష్టం.

గుణింతం అడ్డంగా కాదు, నిలువుగా

గోడ మీది గుణింతం చార్టులో ‘కే’ ఒక్కటి కనపడేలా మిగతా వరస కాగితంతో మూసి అడగండి. పిల్లాడు సమాధానం చెప్పే ముందు పెదాలు చూడండి. క, కా, కి, కీ, కు, కూ, కె అని లోలోపల మెట్లు ఎక్కుతూ వచ్చి అక్కడ ఆగి ‘కే’ అంటాడు. వాడికి వచ్చింది పాట. ఏత్వం గుర్తు రాలేదు. రేపు పాఠంలో ‘తేలు’ కనపడితే త నుంచి మళ్ళీ ఎక్కుతాడు. మాట చివరికి చేరేలోగా మొదలు మర్చిపోతాడు.

అందుకని ఒక్కో అక్షరానికి గుణింతం మొత్తం నేర్పే బదులు, ఒక్కో గుర్తును వచ్చిన అక్షరాలన్నిటికీ పెట్టించాలి. ముందు దీర్ఘం: తాత, పాప, వాన, పాట, మామ. నాలుగైదు రోజులు అదొక్కటే. తర్వాత గుడి, తర్వాత కొమ్ము, ఆపైన వాటి దీర్ఘాలు, ఎత్వం ఏత్వం, ఒత్వం ఓత్వం. ఐత్వం, ఔత్వం, వట్రసుడి చివరికి. పొట్టి పొడుగుల తేడా చెవికి ఎక్కితే గానీ కంటికి ఎక్కదు కాబట్టి జంటలు పెట్టుకోవాలి: వడ–వాడ, విడు–వీడు, పురి–పూరి, మెడ–మేడ, కొన–కోన. టీచరు ఒకటి పలుకుతుంది, పిల్లలు రెండు కార్డుల్లో సరైనది పైకెత్తుతారు. పక్కవాడిని చూసి ఎత్తేవాళ్ళుంటారు, కాబట్టి ‘కళ్ళు మూసుకుని వినండి, చూసి తీయండి, గుండెకు ఆనించి పట్టుకోండి’ అని, నేను చప్పట్లు కొట్టాకే తిప్పాలనే షరతు పెట్టాలి. ఎవరికి రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

మన లిపిలో కొన్ని అక్షరాలు దారి తప్పుతాయి, అక్కడ పిల్లల్ని తిట్టి లాభం లేదు. క నుంచి కొ రాసినట్టే మ నుంచి మొ రాయబోతే కుదరదు. మె రాసి దానికి కొమ్ము ఇవ్వాలి. య, ఘ, ఝ కూడా అంతే. వ పక్కన మామూలుగా కొమ్ము పెట్టేస్తే అది మ లా అయిపోతుంది, అందుకే వు, పు లకు కొమ్ము కిందినుంచి పోతుంది. య తలకట్టు తీసేస్తే యి. ఇక ల, బ, ట, జ, ణ లకు అసలు తలకట్టే లేదు. ‘తలకట్టు తీసి గుడి కట్టు’ అని సూత్రం చెప్పిన టీచరుకు లి దగ్గర పిల్ల ఎదురు ప్రశ్న వేస్తుంది: "దీనికి తలకట్టేది టీచర్?" ఈ మొండి అక్షరాలన్నీ కలిపి ఒక చార్టు వేసి, దాన్ని పిల్లల కంటి ఎత్తులో పెట్టుకోవాలి. మామూలు చార్టులు ఎప్పుడూ టీచరు కంటి ఎత్తులో ఉంటాయి!

‘పిల్లి’ని ‘పిలిల’ అని ఎందుకు చదువుతారు

ఒత్తుల దగ్గర సగం తరగతి ఆగిపోతుంది. గ్గ, చ్చ, డ్డ, ద్ద లాంటివాటిలో ఒత్తు ఆ అక్షరం పోలికలోనే ఉంటుంది కాబట్టి వీటితో మొదలుపెట్టడం తేలికనిపిస్తుంది. క, త, న, మ, య, ర, ల ల ఒత్తులు మాత్రం అక్షరానికీ దానికీ పోలికే లేకుండా ఉంటాయి. కానీ అవి ఎక్కడున్నాయో చూడండి: అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య. ఇంటిల్లిపాదీ అందులోనే ఉంది. పోలిక లేని ఒత్తులే అయినా ఈ మాటలతోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. తెలిసిన మాట కాబట్టి ఒత్తు ఏమిటో పిల్లే ఊహించేస్తుంది, ఆకారం తర్వాత అతుక్కుంటుంది.

అసలు చిక్కు గుణింతం గుర్తు ఉన్న ఒత్తులతో. ‘పిల్లి’లో గుడి కనపడేది పై ల మీద, పలికేది కింది ల కు. పిల్ల కనపడ్డట్టే చదువుతుంది: పి, లి, ల. ‘చెట్టు’ను చె, టు, ట అంటుంది. అది అజాగ్రత్త కాదు, నేర్పినదాన్ని పద్ధతిగా పాటించడమే. దీనికి మందు, ‘పైది సగం, కిందది నిండుగా’ అని వేళ్ళతో చూపించడం. ఎడమ చెయ్యి పై అక్షరం మీద పెట్టి ‘పిల్’ దగ్గర ఆపాలి, కుడి వేలు ఒత్తు మీద పెట్టి ‘లి’ అనిపించాలి. అలా వారం రోజులు నెమ్మదిగా, తర్వాత రెండూ కలిపి. ముందు గుర్తులేని ఒత్తులు (అక్క, బుర్ర), తర్వాత గుర్తున్నవి (పిల్లి, చెట్టు, గొర్రె), వేర్వేరు అక్షరాలు కలిసేవి (పుస్తకం, స్కూలు) రెండో తరగతిలో. ఈ వరస తిరగబడితే ఏడాది చివర్లో చేసేది మరమ్మతే.

చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం 2021 జూలై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలంటుంది, మూడో తరగతికి 60. తెలుగులో ‘వెళ్ళిపోయిందట’ కూడా ఒక మాటే, ‘పాప’ కూడా ఒక మాటే. కాబట్టి ఈ అంకెను పట్టుకుని స్టాప్‌వాచ్‌తో పిల్లల్ని పరిగెత్తించడం నాకు నచ్చదు. నిమిషం చదివించండి, ఆగిన చోట గీత పెట్టండి, రెండు ప్రశ్నలడగండి, అంతే. ఎప్పుడూ పాఠం మొదటి లైను నుంచి చదివించకండి. మొదటి నాలుగు లైన్లు ఇంటిల్లిపాదికీ కంఠస్థం. మూడో పేరా మధ్యలో వేలు పెట్టి ‘ఇక్కణ్ణుంచి చదువు నాన్నా’ అంటే అసలు సంగతి బయటపడుతుంది.

మిగతా తరగతులు ఆ టైములో ఏం చేస్తున్నట్టు

చూచిరాత పదిసార్లు, అంతేగా! రెండోసారికే పిల్ల మాటను వదిలేసి నిలువు వరసలు నింపుతుంది. పది ‘త’లు కిందకి, పది ‘ల’లు కిందకి. చెయ్యి కదులుతుంది, చదువు జరగదు.

దానికి బదులు ఒకే బొమ్మ మూడు తరగతులకూ ఇవ్వొచ్చు. వారపు సంత బొమ్మ తీసుకోండి. మూడో తరగతి అందులో కనపడే వస్తువుల పేర్లు పది రాయాలి. నాలుగో తరగతి వాటికి ధరలు వేసి 200 రూపాయల్లో ఏం కొంటారో లెక్క రాయాలి. ఐదో తరగతి అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య బేరం మాటలు రాసి ఇద్దరు చదివి వినిపించాలి. బొమ్మ ఒకటే కాబట్టి తయారీ తగ్గుతుంది. తరగతికి ఒకళ్ళు ఎప్పుడూ ఐదు నిమిషాల్లో ‘అయిపోయింది సార్’ అంటూ వచ్చేస్తారు. వాళ్ళకోసం ఒక డబ్బాలో పొడుపు కథల చీటీలు పెట్టుకోవాలి, ఒక రంగు చీటీ మీద కథ, ఇంకో రంగు మీద విడుపు. ‘కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ చదివి ‘కనురెప్పలు’ చీటీ వెతికి జత పెట్టాలి. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం కూడా మంచిదే. కాకపోతే మూడో తరగతి పిల్లకు ‘నువ్వు చెప్పకు, అడుగు, వాళ్ళే చెప్పాలి’ అని నేర్పి పంపాలి. లేకపోతే బెత్తం పట్టుకుని అదే కోరస్ మళ్ళీ మొదలుపెడుతుంది.

పుల్లలూ కట్టలూ

ఇరవై మూడు రాయమంటే 203 రాసే పిల్ల సరిగ్గానే విన్నది: ఇరవై 20, పక్కన మూడు 3. పదుల కట్ట చేతిలో పట్టుకోని పిల్లకు అది తప్పని చెప్పినా ఎక్కదు. చీపురు పుల్లలు 3 అంగుళాల ముక్కలుగా విరిచి, ఒక్కో జట్టుకు వంద. పది లెక్కపెట్టి కట్ట కట్టడం పిల్లలే చేయాలి, కట్టి ఇస్తే లాభం లేదు. రబ్బరు బ్యాండ్లు ఎండాకాలానికి జిగురై పుల్లలకు అంటుకుపోతాయి. జడకు పెట్టుకునే చిన్న రబ్బర్లు నయం. 11 నుంచి 19 దాకా మాటలు కూడా అడ్డమే. పదకొండు, పన్నెండు, పందొమ్మిది వింటే పది ఎక్కడుందో సరిగ్గా దొరకదు. 20 దాటాక దారి నేరుగా ఉంటుంది. కాబట్టి 11–19 దగ్గర తొందరపడకుండా, ‘ఒక కట్ట, నాలుగు పుల్లలు, పద్నాలుగు’ అని మూడూ కలిపి అనిపించాలి.

52లోంచి 27 తీసేస్తే 35 అని రాసే తప్పు మన నోటి నుంచే వెళ్ళింది. ‘ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యి’ అంటాం ఒకటో తరగతిలో. పిల్ల అదే పాటించి 7లోంచి 2 తీసింది. కట్టలతో చేస్తే ఈ తప్పు రాదు: 5 కట్టలు, 2 పుల్లలు. 7 ఇవ్వాలి, రెండే ఉన్నాయి. ఒక కట్ట విప్పితే 12. ఏడు ఇచ్చేస్తే 5, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు ఇస్తే 2. మొత్తం 25. కట్ట విప్పే చప్పుడు వినకుండా ‘అప్పు తెచ్చుకో’ అనే మాట వాడకూడదు.

ఎక్కాలూ గుణింతం దారే. ‘ఏడు ఎనిమిదులు?’ అంటే ‘ఏడు ఒకట్ల ఏడు’ నుంచి మొదలెడతారు. ఎక్కం పాడటం మానిపించక్కర్లేదు, దానికి చీటీల ఆట జత చేస్తే చాలు. వామనగుంటలు కూడా పనికొస్తాయి. ఒక్కో గుంటలో 4 చింతగింజల చొప్పున ఒక వైపు 7 గుంటలు నింపితే 28, రెండు వైపులా 56. లెక్కపెట్టకుండా ఎన్నో చెప్పినవాళ్ళదే మొదటి ఆట.

భోజనం అయ్యాక మొదటి అరగంట రాత పని పెడితే చిన్నవాళ్ళు పలక మీదే తల వాల్చేస్తారు. కథ, పాట, మట్టితో బొమ్మలు, ఆవరణలో ఆకులు ఏరి రకాలుగా పేర్చడం ఆ టైముకు. ఉక్తలేఖనం (మనం చెబుతుంటే వాళ్ళు రాయడం) పొద్దున్నే, ఐదు మాటలు చాలు. దిద్దేటప్పుడు ప్రతి తప్పుకూ ఎర్రగీత కొట్టకుండా, ఇవాళ దీర్ఘాలు, రేపు ఒత్తులు అన్నట్టు ఒక్క రకమే చూడాలి. శ, ష, స ల తగువు మూడో తరగతి దాకా వాయిదా వేసినా కొంప మునగదు. శనివారం బాలసభలో మాత్రం బట్టీ ఉపన్యాసాలు ఆపేయండి. డబ్బాలోంచి ఒక చీటీ తీసి, అందులో ఉన్న మూడు వాక్యాలు అక్కడికక్కడ చదివి వినిపించడమే ప్రదర్శన. చీటీలు స్థాయిని బట్టి మూడు డబ్బాల్లో ఉండాలి, లేకపోతే ఒకటో తరగతి పిల్ల అందరి ముందూ ఏడుస్తుంది.

ఇక నాలుగూ ఐదు తరగతుల్లో చదవడం రానివాళ్ళ సంగతి. నిపుణ్ లెక్క మూడో తరగతితో ఆగుతుంది. తెలంగాణలో ఇలాంటి పనికే 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం మాత్రం ఐదో తరగతి దాకా అందర్నీ కలుపుకుంది. వీళ్ళను తీసుకెళ్ళి ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెట్టారంటే మర్నాటి నుంచి బడికి రారు. అవే అక్షరాలు, అదే వరస, కానీ మాటలు వేరే ఉండాలి: బస్సు బోర్డు మీది ఊళ్ళ పేర్లు, రేషన్ షాపు బోర్డు, కరెంటు బిల్లు, సినిమా పోస్టరు, విత్తనాల సంచీ. లాంగ్ బెల్ ముందు 20 నిమిషాలు, నలుగురైదుగురు మించకుండా, వరండాలో. మొదటిరోజు వాళ్ళ ఊరి పేరు, పక్క రెండు ఊళ్ళ పేర్లు ముక్కలు కోసి కలిపి ఇచ్చి, ఏ ఊరు ఎక్కడుందో పేర్చమనండి. మర్నాడు వచ్చేటప్పుడు దారిలో ఇంకో రెండు బోర్డుల పేర్లు కాగితం మీద దించుకుని రావాలి. అక్షరాలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు, పలక మీద వాటినే ఆ రోజు పాఠంగా రాయాలి.